నా మణికట్టు, చంద్రి పాలు

ఆగస్టు 1, 1955. సోమవారం.

ఈ డైరీ వామన్‌రావు వకీలు గారి ఇంట్లో ఇచ్చారు. వాళ్లకు ఏటా రెండు మూడు వస్తాయట, పాలు పోసేవాళ్లం కదా అని నాకొకటి. జనవరి నుంచి జూలై దాకా కాగితాలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఎప్పుడు రాయను? తెల్లవారక ముందే కొట్టంలో అడుగు పెడితే పొద్దుగూకేదాకా పాలు, పేడ, కుడితి. ఏడో తరగతి దాకా చదువుకున్న సంగతి నాకే గుర్తుండదు.

ఇప్పుడు తీరికే తీరిక. కుడిచెయ్యి రాస్తోంది, ఎడమచెయ్యి నాలుగు వెదురు బద్దల మధ్య పడుకుని ఉంది.

శనివారం సాయంత్రం పడ్డాను. వానలకు కొట్టంలో బండలు పాచి పట్టాయి. పాలచెంబు పట్టుకుని లేస్తుంటే కాలు జారింది. చెంబును కాపాడుకున్నాను గానీ చేతిని కాపాడుకోలేకపోయాను. మణికట్టు దగ్గర టక్కుమంది. మా బర్రె చంద్రి మెడ తిప్పి చూసింది.

మా ఆయన నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శాలిబండలోని కుస్తీ తాలీంకు తీసుకుపోయాడు. ఎముకలు కట్టే ఖాజా పహిల్వాన్ కుస్తీలు మానేసి ఏళ్లయింది గానీ నోరు మాత్రం ఇంకా కుస్తీ పడుతూనే ఉంది. నా చెయ్యి పట్టుకుని, తాను ఎవరెవరిని ఎట్లా పడగొట్టాడో చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో "బేటీ, మీ బర్రె పూటకు ఎన్ని సేర్లు ఇస్తది?" అన్నాడు. నేను చెప్పబోతుంటే లటుక్కున లాగాడు. నా అరుపుకు తాలీంలో కసరత్తు చేస్తున్నవాళ్లంతా ఆగిపోయారు.

"రోతీ కాయ్‌కూ? అయిపోయింది. ఎముక దాని జాగల అది కూసున్నది," అన్నాడు. గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టించి, గుడ్డ చుట్టి, పైన బద్దలు కట్టాడు. గోళ్లు నల్లబడితే పరుగెత్తుకు రమ్మన్నాడు. "ఈ కట్టు నేను గట్టిన, నేనే ఇప్పాలె. మీ అత్త గాదు, ఇంకెవ్వరు గాదు. నెలన్నర దాక పని నక్కో, చెయ్యద్దు."

నెలన్నర! చంద్రి ఈని ఇంకా నెల కాలేదు. పాలు ఇప్పుడే పొంగు మీద ఉన్నాయి.

మిగతా నాలుగు బర్రెలను అత్త పిండుతుంది. చంద్రిని ఎవరు పిండాలి? మా గౌలిపురలో ఎవరినడిగినా చెప్తారు, చంద్రి నా చేతికి తప్ప చేపదు. ఇంకెవరు కూర్చున్నా పాలన్నీ పైకి ఎగబీల్చుకుని కాలు విసురుతుంది. అత్తనే ఒకసారి పేడలో కూర్చోబెట్టింది. ఇక శారద సంగతి చెప్పేదేముంది. నా తోడికోడలు మాదన్నపేట కూరగాయల వాళ్ల పిల్ల, ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. వంకాయలు ఏరుతున్నట్టు చన్నులు పట్టుకుంటుంది.

ఆగస్టు 3.

బద్దల కింద దురద. పుల్ల దూర్చి గోక్కుంటుంటే అత్త చూసి పుల్ల లాక్కుంది.

ఆగస్టు 6.

ఇంటికి ఎవరొచ్చినా ఒక మందు. అత్త గోడ మీది నల్లేరు కాడలు కోసి, నార తీసి, నేతిలో వేయించి, చింతపండు వేసి పచ్చడి చేస్తోంది. ఎముక అతకడానికి దాన్ని మించింది లేదట. తినేటప్పుడు బాగానే ఉంటుంది, తర్వాత గొంతులో చీమలు పాకినట్టుంటుంది. ఆయనేమో చార్మినార్ దగ్గర మేక కాళ్లు తెచ్చి పాయా కాయించి తాగమంటున్నాడు. తాగి తాగి నా ఒళ్లే మేక వాసన వస్తోంది.

వామన్‌రావు గారు హోమియోపతి పుస్తకం చూసి మందిస్తారు. స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "వాన పడితే నొప్పి ఎక్కువవుతుందా అమ్మా? చల్లగాలి పడుతుందా? కలలో ఏమి కనబడుతుంది?" అని అడిగారు. బర్రె కనబడుతుందన్నాను. పుస్తకంలో చాలాసేపు వెతికారు. బర్రె దొరకలేదు కాబోలు, చివరికి తెల్ల గుళ్లు ఇచ్చి చప్పరించమన్నారు. తియ్యగా ఉన్నాయి. నల్లేరు దురదకు పనికొస్తున్నాయి.

వీటిలో ఏది పనిచేస్తోందో తెలియదు గానీ నొప్పి తగ్గింది. వేళ్లు కదులుతున్నాయి. ఇవాళ మంచి రోజు.

ఆగస్టు 9.

అత్త నన్ను కొట్టంలోకి రానివ్వడం లేదు. "నువ్వు కండ్ల వడ్డవంటె చంద్రి అర్సుడు మొదలువెడ్తది. ఇంకొకలకు చుక్క పాలియ్యది," అంటుంది. నిజమే. ముందు గదిలో కూర్చుని చెవులు రిక్కించి వింటాను. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడదు.

"ఇచ్చిందా?" అని అడిగాను.

"యాడిచ్చింది? సగం గూడ లేవు. శారదను తన్నింది. నీ చెయ్యే కావాల్నట దానికి."

శారద మీద జాలి వేసింది. నిజంగానే జాలి వేసింది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆగస్టు 14.

పహిల్వాన్ కట్టు విప్పి కొత్తది కట్టాడు. వాపు పోయింది. మణికట్టు తిన్నగా ఉంది. "మాషా అల్లా, పసందుగ అతుకుతున్నది," అని తన చేతిపనికి తానే మురిసిపోయి, నిజాం జమానాలో గెలిచిన వెండి కడియం కథ మళ్లీ చెప్పాడు.

ఆగస్టు 18.

పొద్దున ఆయన సైకిల్‌కు క్యాన్లు తగిలిస్తుంటే చూశాను. రెండూ నిండుగా ఉన్నాయి. మూత పక్క నుంచి నురగ కారుతోంది.

"చంద్రి సగమే ఇస్తున్నదంటిరి. ఇవెక్కడియి?"

ఆయన సైకిల్ గంట తుడిచాడు. అది ఏనాడూ తుడవలేదు. "బీరయ్య ఇంట్ల తీస్కున్న. తక్కువ పోస్తె అఫ్జల్‌గంజ్ హోటలోల్లు ఊకుంటరా?"

బీరయ్య వెనక సందులో పాలవాడు. నీళ్లు కలుపుతాడని అత్త ఎప్పుడూ తిడుతుంది. అవసరానికి ఆ బీరయ్య దగ్గరే తీసుకోవాల్సి వచ్చింది చూడు.

ఆగస్టు 23.

బీరయ్య పాల మీద మీగడ ఇంత మందంగా కడుతుందని నాకు తెలియదు. వాళ్లూ పత్తిగింజలే పెడుతున్నారేమో. రుచి కూడా అచ్చం చంద్రి పాల రుచే.

మనసు నిలవడం లేదు. పూటకు సగం పాలు పొదుగులోనే ఉండిపోతే బర్రె వట్టిపోతుంది. చంద్రి వట్టిపోతే? ఈ లోపల నా చెయ్యి కూడా బాగుకాకపోతే? ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ ఒక్క పనే. వంట నాకంటే శారద బాగా చేస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు మరిది చూస్తాడు. పాలు పిండలేని ఆండాలు ఈ ఇంటికి దేనికి పనికొస్తుంది? రాస్తుంటేనే భయం వేస్తోంది.

ఆగస్టు 26.

చేతిని వాడలేదు. వేళ్లను మాత్రమే వాడాను. పహిల్వాన్ అడిగితే ఇదే చెప్పాలి.

మధ్యాహ్నం అత్త అలియాబాద్‌లో చుట్టాలింటికి పోయింది. శారద పుట్టింటికి పోయి పాల వేళకు వస్తానంది. ఆయన పాలు పోసి ఇంకా తిరిగి రాలేదు. ఇల్లంతా నాదే అయింది. చెంబు తీసుకుని కొట్టంలోకి నడిచాను. దూడను విడిచి, కాసేపు కుడిపించి, పక్కకు కట్టేశాను. ఒంటి చేత్తోనే.

చంద్రి నన్ను వాసన చూసి ముఖం తిప్పుకుంది. చేతికట్టులో కోడిగుడ్డు, మినప్పిండి కలిసిన కంపు కదా, అందుకే అనుకున్నాను. పొదుగు నిండుగా, రాయిలా ఉంది. కుడిచేత్తో పట్టాను. రాలేదు. పిలిచాను, నిమిరాను. రాలేదు. ఒక చేత్తో కాదు, రెండు చేతులూ పడాలి, అప్పుడు గుర్తుపడుతుంది అనుకున్నాను. బద్దలను మోచేతి వైపు కొంచెం పైకి జరుపుకున్నాను. కొంచెమే. రెండు చేతులతో పట్టాను. మణికట్టులో సూదులు గుచ్చాయి. అయినా పట్టాను. చంద్రి చేపలేదు.

నా చంద్రి. దూడప్పుడు నా ఒడిలో తల పెట్టుకుని పడుకునేది.

ఇంకోసారి బిగించాను. కాలు విసిరింది. ఆ కాలు చెంబుకు తగిలింది, చెంబు వచ్చి నా మణికట్టుకు తగిలింది. కళ్లు బైర్లు కమ్మాయి. బండ మీద కూర్చుని ఏడుస్తున్నాను, అప్పుడు గాజుల చప్పుడైంది. శారద వచ్చింది.

"అక్కా! అయ్యో, గిదేం పని అక్కా!" అంటూ నా భుజాలు పట్టుకుని ఇవతలికి లాగింది. చంద్రి ఇంకా కాళ్లు తొక్కుతూనే ఉంది. శారద ఒక చెయ్యి దాని వీపు మీద వేసి, "ఓ... ఓ... చంద్రమ్మా," అంది.

చంద్రి నిలబడిపోయింది. శారద ఇంకా దాని పొదుగు ముట్టనే లేదు. నేను చూస్తూ ఉండగానే నాలుగు చన్నుల నుంచి పాలు వాటంతట అవే చుక్కలు చుక్కలుగా బండ మీద పడ్డాయి.

శారద నా ముఖం చూసింది. నేను లేచి లోపలికి వచ్చేశాను.

ఆగస్టు 27.

వాచింది. ఎవరితోనూ మాట్లాడను.

ఆగస్టు 29.

నిన్న ఖాజా పహిల్వాన్ బద్దలు విప్పి చూశాడు. ఈసారి కుస్తీ కథ ఒక్కటి కూడా ఎత్తలేదు. వేలితో నొక్కి, తల అడ్డంగా ఊపాడు. "ఎముక జరిగింది బేటీ. పాత జాగల లేదు. నేను మళ్ల గుంజను, గుంజితె ఇంకేమన్న అయితది. పెద్ద దవఖానకు పోయి ఫొటో తియ్యిపియ్యి." కట్టు ఎందుకు జరిగిందని ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇవాళ ఫొటో తీశారు. నల్ల కాగితం మీద తెల్లగా నా ఎముక. మత్తు ఇచ్చి సర్ది పిండికట్టు వేశారు. డాక్టరు పడుచువాడు, మర్యాద తెలిసినవాడు. కొంచెం వంకర ఉండిపోవచ్చు, పట్టు ఎంత వస్తుందో కట్టు విప్పాకే చెప్పగలనన్నాడు. "పాలు పిండగలనా?" అని అడిగాను. "ఇప్పుడే ఏమీ అనలేనమ్మా," అన్నాడు. నల్లేరు పచ్చడి తినొచ్చా అని అత్త అడిగింది. తినమన్నాడు. ఏ కాలంలోనూ నల్లేరు తప్పదు నాకు.

దవఖాన నుంచి వస్తూ మూసీ వంతెన మీద రిక్షాలో అత్త నోరు విప్పింది. "మూడో దినం నుంచే శారద చేతికి చేపవట్టె. కూసున్న కాడికి ఇచ్చుడే. నీ మనసు చిన్నవోతదని గట్ల చెప్పిన. నా మీద కోపం చెయ్యి గని శారదను ఏమనకు బిడ్డా."

బీరయ్య పాలు అబద్ధం. తన్నడం అబద్ధం. ఇంటిల్లిపాదీ కూర్చుని నా కోసం ఒక కథ అల్లారు. నేను దాన్ని నమ్మి చంద్రిని కాపాడబోయి చెయ్యి పోగొట్టుకున్నాను. కోపం ఎవరి మీద చూపాలో తెలియక రిక్షావాడు గుంతలో దింపాడని వాడిని తిట్టాను.

సెప్టెంబర్ 4.

శారదతో మాట్లాడటం లేదు. ఆమె అన్నం పెడితే తినకూడదనుకున్నాను. గుత్తివంకాయ చేసింది. తిన్నాను. మాట్లాడలేదు.

సెప్టెంబర్ 5.

చంద్రి అరుపు వినబడింది. నాకోసం కాదు.

సెప్టెంబర్ 11.

ఇవాళ నీళ్లు తాగడానికి వంటింట్లోకి పోతే శారద పొయ్యి ముందు కూర్చుని వేడినీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచుకుని ఉంది. నన్ను చూసి దాచబోయింది. బొటనవేళ్ల కీళ్లు రెండూ రేగుపళ్లంత వాచి ఉన్నాయి. అత్త మోకాళ్లు పట్టేయడంతో ఇప్పుడు బర్రెలన్నీ తనే పిండుతోందట. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మాట్లాడకూడదనే అనుకున్నాను. కానీ తప్పుగా పిండుతుంటే ఎట్లా ఊరుకోను?

"బొటనవేలు లోపటికి మడిచి పిండుతున్నవా?"

"అవునక్కా. అత్త గట్లనే పిండుతది గద."

"అత్త బొటనవేళ్లు ఎట్లున్నయో సూసినవా? గా పట్టు ఇడిచిపెట్టు. పిడికిలి మొత్తం వెయ్యాలె. ముందుగాల పై వేలు బిగియ్యి, ఎన్క కింది వేళ్లు ఒక్కొక్కటి. గుంజద్దు, ఒత్తాలె."

మాటలతో చెప్తే అర్థం కాలేదు. ఆమె బొటనవేలునే చన్ను అనుకుని నా కుడిచేత్తో పట్టి చూపించాను. ఒకటి, రెండు సార్లు చూసి తలూపింది. తర్వాత నా చెయ్యి వదలకుండానే చెప్పింది.

"చంద్రి చేపిన్నాడు నాకు మస్తు సంబరమైంది అక్కా. చెంబు వట్టుకోని నీకు చూపియ్యాలని ఉరికొచ్చిన. అత్త గడపకాడ చెయ్యి వట్టి ఆపింది."

నాకు చూపించాలని పరుగెత్తుకొచ్చిందట. వంకాయలు ఏరే పిల్ల అని ఎన్నిసార్లు అన్నానో ఆమెను. ఆ చెంబు నేను చూసి ఉంటే నిజంగా సంతోషపడేదాన్నా? పడేదాన్ని కాదు. ఇవాళ మాత్రం పడ్డాను.

సెప్టెంబర్ 13.

శారద వేళ్ల వాపు తగ్గుతోంది. నేను చెప్పిన పట్టే.

సెప్టెంబర్ 25.

కొట్టంలో గోడ వారగా పీట వేసుకుని కూర్చుంటున్నాను. శారద పిండుతుంటే ఇక్కడి నుంచే కేకలు వేస్తాను. "మెల్లగ! పై వేలు ముందుగాల!" చంద్రి చెవి ఒకటి నా వైపు తిప్పుతుంది. అంతే. అదే చాలు ప్రస్తుతానికి.

అక్టోబర్ 10.

పిండికట్టు విప్పారు. లోపలి నుంచి ఎవరిదో చెయ్యి వచ్చింది. సన్నగా, పాలిపోయి, పొట్టు రాలుతోంది. మణికట్టు బొటనవేలి వైపు కొంచెం వంగింది. పిడికిలి బిగించమన్నాడు డాక్టరు. వేళ్లు సగం దూరం పోయి ఆగిపోయాయి. పక్కనున్న మా ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. నేను చూశాను.

ఎముక గట్టిగా అతికిందట. వేడినీళ్లలో పెట్టి కదపాలి, తడిగుడ్డ పిండాలి, రోజూ చేయాలి, మానకూడదు అన్నాడు డాక్టరు.

సాయంత్రం ఖాజా పహిల్వాన్ తనంతట తానే ఇంటికి వచ్చాడు, నూనె సీసా చంకలో పెట్టుకుని. "డాక్టర్ సాబ్ తన పని చేసిండు. ఇగ నూనె పని నాది," అన్నాడు. మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "జరంత టేఢా ఉన్నది. ఉండనీ. నా ముక్కు గూడ టేఢానే," అని తన వంకర ముక్కు పట్టుకుని చూపించాడు. అందరం నవ్వాం. ఇన్నాళ్ల తర్వాత ఈ ఇంట్లో అందరం ఒక్కసారి నవ్వాం.

అక్టోబర్ 12.

తడిగుడ్డ పిండితే నాకు ఏమీ తెలియడం లేదు. శారదే చెప్పింది, "నా బొటనవేలు వట్టుకో అక్కా. ఎంత జోరున్నదో నేను చెప్తా." ఎడమచేత్తో పట్టుకుని ప్రాణమంతా పెట్టి నొక్కాను. చెమటలు పట్టాయి.

"ఎట్లున్నది?"

ఆమె నోరు తెరిచి మూసింది. నాకు తెలుసు, ఏదో మంచిమాట వెతుకుతోంది. "శారదా, అత్త లెక్క అబద్ధం చెప్తివంటె మళ్ల నీతోటి మాట్లాడ."

"ఈగ వాలినట్టున్నది అక్కా."

ఏడుపొచ్చింది. కానీ ఈగ అయినా నిజం ఈగ.

అక్టోబర్ 14.

ఈగ.

అక్టోబర్ 15.

ఈగే.

అక్టోబర్ 18.

శారద ఆలోచించి, చీమ కుట్టినట్టుంది అంది. ఈగ కంటే చీమ నయమా కాదా అని ఇద్దరం వాదించుకున్నాం. వామన్‌రావు గారు కొత్త గుళ్లు పంపించారు. పహిల్వాన్ నూనె కంపుకు చంద్రి కూడా తుమ్ముతోంది. నల్లేరు సంగతి రాయను. ఇవాళ వేళ్లు అరచేతికి తగిలాయి!

అక్టోబర్ 24.

"అబ్బా!" అంది శారద, చెయ్యి లాక్కుని.

నేను నమ్మలేదు. "ఉత్తగనే అంటున్నవు."

"ఉత్తగనే ఎందుకంటనే? సూడు!" కోపంగా బొటనవేలు నా కళ్ల ముందు పెట్టింది. నా వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. నాలుగు వేళ్లవీ. నేను ఆ వేలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. పిచ్చి పట్టిందా అక్కా అంది. పట్టింది.

నవంబర్ 3. గురువారం.

రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నం పాల వేళ. శారద దూడను విడిచి కుడిపించి కట్టేసింది. చంద్రి చేపింది, శారదకే. మూడు చన్నులు పిండి లేచి, నాలుగోది నాకు విడిచి, తాను పక్కన నిలబడి చంద్రి వీపు మీద చెయ్యి వేసింది. నేను ఖాళీ చెంబు పెట్టుకుని కూర్చున్నాను. చంద్రి తల తిప్పి నా భుజం వాసన చూసింది. ఎంతసేపు చూసిందో. మళ్లీ గడ్డి నమలసాగింది.

ఎడమచేత్తో పట్టాను. పై వేలు, తర్వాత కింది వేళ్లు. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి ఏమీ రాలేదు. మణికట్టులో సన్నటి నొప్పి. మూడోసారి ఒక ధార, దారం అంత సన్నగా, చెంబు అడుగున టింగుమంది. తర్వాత ఇంకొకటి. చెయ్యి అలిసిపోయినప్పుడల్లా ఆగాను, మళ్లీ పట్టాను. ఇంకొకరి చేతికి అలవాటైన బర్రె నన్ను కూడా ఒప్పుకుంది. చిన్నతనంగా ఉంటుందేమో అనుకున్నాను. ఆ ధార చూస్తుంటే అది గుర్తే లేదు.

వంటింట్లోంచి అత్త కేక వేసింది. "ఎన్ని వచ్చినయే?"

శారద చెంబులోకి చూసింది. నా ముఖంలోకి చూసింది. నేనూ ఆమెనే చూస్తున్నాను.

"పావుసేరు గూడ లేవత్తా!" అని గట్టిగా అరిచింది.

నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చాను, చంద్రి పొట్టకు నుదురు ఆనించుకుని. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి చెంబులోకి తొంగి చూసింది. "ఏమో, అద్దసేరు దాకనన్న ఉన్నట్టు..." అని మొదలుపెట్టి, మా ఇద్దరి ముఖాలు చూసి ఆగిపోయింది. "లేవు," అంది. "రేపు జూద్దాం."

దేవుడి దగ్గర పెడతానని ఆ చెంబు తీసుకోబోయింది. నేను ఇవ్వలేదు. మామూలు పాలు ఎక్కడికి పోతాయో ఇవీ అక్కడికే పోవాలి. నా చేత్తోనే క్యానులో పోసి మూత బిగించాను. ఆయన క్యాను తగిలించుకుని అఫ్జల్‌గంజ్ వైపు సైకిల్ తొక్కుకుంటూ పోయాడు. సందు మలుపు తిరిగేదాకా శారదా నేనూ గుమ్మంలోనే నిలబడ్డాం.